ఆడియో టెక్నికా వీఎం95ఈ: నట్టు లేని కార్ట్రిడ్జ్

రికార్డు ప్లేయర్‌లో సూదిని పట్టి ఉంచే ఈ కార్ట్రిడ్జ్ ఎలా ఉందని అడిగితే నేను ముందు చెప్పేది దాని ధ్వని గురించి కాదు, మరల గురించి. చవక రకాల్లో చాలావాటికి మరను పైనుంచి దూర్చి, కింద బియ్యపు గింజంత నట్టును పట్టకారుతో పట్టుకోవాలి. అది జారిందా, నేల మీద పాకుతూ వెతకాల్సిందే. దీనికి లోపలే మరచుట్లు ఉన్నాయి. ప్లేయర్ చేయి చివర కార్ట్రిడ్జ్‌ను బిగించే హెడ్‌షెల్‌లో పది సార్లు ముందుకూ వెనక్కూ జరిపినా విసుగు రాదు.

హెడ్‌షెల్ నుంచి వచ్చే తెలుపు, నీలం తీగలు ఎడమ చానల్‌వి. ఎరుపు, ఆకుపచ్చ కుడివి. తీగల చివరి తొడుగులను మెల్లగా నెట్టి ఎక్కించాలి. టంకం జోలికి మాత్రం వెళ్లకండి, ఆ వేడికి లోపలి తీగచుట్ట చెడిపోతుంది.

అసలు పని అమరిక. రికార్డు తయారీలో గాడిని కోసే ఉలి అంచు నుంచి మధ్యకు తిన్నగా జరుగుతుంది. మన టోన్ ఆర్మ్, అంటే సూదిని మోసే చేయి, ఇరుసు మీద వంపుగా తిరుగుతుంది. అందుకే సూది రెండు చోట్ల మాత్రమే గాడి వెంట సరిగ్గా కూర్చుంటుంది. అమరికకు వాడే బేర్‌వాల్డ్ లెక్కలో అవి మధ్య నుంచి 66, 121 మిల్లీమీటర్ల దగ్గర వస్తాయి. ఆ చుక్కలున్న కాగితం అచ్చు వేయించుకుంటే చాలు. కానీ జిరాక్స్ షాపులో పేజీకి సరిపడేలా కుదించి ఇస్తే 66 కాస్తా 63 అవుతుంది. స్కేలు పెట్టి కొలవనిదే ఏ కాగితాన్నీ నమ్మను.

సూది మీద బరువు 2 గ్రాములు ఉండాలి, 1.8 నుంచి 2.2 వరకు పరవాలేదు. సూది తొడుగు తీసి, యాంటీ స్కేటింగ్ (ఆర్మ్ లోపలివైపు లాగుకుపోకుండా ఆపే అమరిక) సున్నాలో ఉంచి, ఆర్మ్ గాలిలో సమంగా నిలిచేదాకా వెనక బరువును తిప్పాలి. అప్పుడు అంకెల చక్రాన్ని మాత్రమే సున్నాకు తెచ్చి, ఆ తర్వాత రెండింటినీ కలిపి 2కి తిప్పాలి. ఆ పైన చిన్న తూకంతో సరిచూసుకోవడం మేలు. తూకం పళ్లెం ఇనుముదైతే కార్ట్రిడ్జ్‌లోని అయస్కాంతం దానికి అతుక్కోబోయి అంకెను తప్పిస్తుంది. బరువు తగ్గిస్తే రికార్డు అరగదనే మాట ఎవరు పుట్టించారో కానీ, తేలికైన సూదే గాడిలో ఎగిరిపడి గోడలను చెక్కేస్తుంది.

ఇక ధ్వని. ఘంటసాల గొంతులోని గాంభీర్యం నిండుగా వినిపిస్తుంది, తబలా దెబ్బ స్పష్టంగా విడిపడుతుంది. లేబుల్‌కు దగ్గరి పాటల్లో స, ష అక్షరాలు కాస్త బుసకొడతాయి. అక్కడ చుట్టు చిన్నది, శబ్దమంతా తక్కువ పొడవులో ఇరుక్కుంటుంది. దీనిలా మొన కోడిగుడ్డు ఆకారంలో ఉన్న ఏ సూదికైనా ఉండే ఇబ్బందే. అమరిక కుదిరితే చాలావరకు తగ్గుతుంది. అదీ చాలదనేవారు ఇదే కార్ట్రిడ్జ్‌కు ఎంఎల్ (మైక్రోలీనియర్, మరింత సన్నని మొన) సూది తొడుక్కోవచ్చు, ధర మాత్రం బాగా ఎక్కువ.

ఇంట్లో నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులున్నవారికి నేను దీన్నే గట్టిగా సిఫారసు చేస్తాను. ఆ గాడి వెడల్పుకు ఎల్పీ సూది అడుగున పొర్లుతూ దుమ్మునే వినిపిస్తుంది. 78 రికార్డులకు ఎస్‌పీ అనే సూది వేరేగా దొరుకుతుంది. లాగి తీసి తొడగడమే. బరువు 5 గ్రాములకు పెంచాలి, ఎల్పీకి మారేటప్పుడు మళ్లీ 2కి దించాలి. ప్లేయర్‌కు 78 వేగం ఉందో లేదో ముందే చూసుకోండి. కొత్తవాటిలో చాలావరకు 33, 45తోనే సరిపెడుతున్నాయి.