శ్రీశైలం, తెనాలి వెళ్లొచ్చాక ఏ బ్యాటరీ తీసుకోవాలో తేలింది

ఎలక్ట్రిక్ కారే కొనాలని ఇంట్లో ఎప్పుడో అనుకున్నాం. హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్ అందరికీ నచ్చింది. తేలనిదల్లా 42 యూనిట్ల బ్యాటరీ తీసుకోవాలా, 51.4దా అన్నదే. 2025 జనవరిలో విడుదలైనప్పటి ఎక్స్ షోరూమ్ ధర ప్రకారం స్మార్ట్ ఓ వేరియంట్ చిన్న బ్యాటరీతో 19.49 లక్షలు, పెద్దదానితో 21.49 లక్షలు. అంటే 9.4 యూనిట్ల కోసం 2 లక్షలు ఎక్కువ. గోడకు బిగించే 11 కిలోవాట్ల చార్జర్ కావాలంటే ఇంకో 73 వేలు. తెలంగాణలో 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ కార్లకు రోడ్ ట్యాక్స్ లేదు కాబట్టి అక్కడ రెండింటికీ తేడా రాదు. కంపెనీ చెప్పిన 390, 473 కిలోమీటర్ల రేంజ్, అంటే ఒక ఫుల్ చార్జ్‌తో వెళ్లే దూరం, పరీక్షల్లో వచ్చిన లెక్క. మా రోడ్లమీద, మా కుటుంబంతో, మా సామానుతో ఎంత వస్తుందో చూడకుండా అంత డబ్బు పెట్టబుద్ధి కాలేదు.

మా తోడల్లుడిది 42 బ్యాటరీ కారు. మూడు రోజులకు అడిగి తీసుకుని అమ్మ, మా ఆవిడ, పాపతో శ్రీశైలం బయల్దేరాం. బయల్దేరే ముందే ఆయన ఒక మాట చెప్పాడు: "గది చూసుకునే ముందు ప్లగ్ చూసుకో." ఆ మాట విలువ ఫోన్లు చేయడం మొదలుపెట్టాక తెలిసింది. మొదట అడిగిన సత్రంలో పార్కింగ్‌లో కరెంటే లేదన్నారు. రెండో చోట గదిలోంచి వైరు లాక్కోమన్నారు. అది 6 ఆంప్స్ ప్లగ్. దాని మీద రాత్రంతా కారు పెట్టడం ప్రమాదం, వద్దనుకున్నాను. మూడోది సున్నిపెంట వైపు చిన్న లాడ్జి. మోటారు కోసం పెట్టిన 15 ఆంప్స్ ప్లగ్ ఉందని, రాత్రికి 300 రూపాయలు ఇస్తే చాలని అన్నారు. గది మామూలుగానే ఉంది, వేడి నీళ్లు బకెట్‌తో తెచ్చిచ్చారు. గుడికి కాస్త దూరమే. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను.

వనస్థలిపురం నుంచి తుక్కుగూడ, కడ్తాల్, కల్వకుర్తి, డిండి మీదుగా దాదాపు 200 కిలోమీటర్లు. మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర అడవి మొదలవుతుంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసేస్తారు. పెట్రోలు కారుకి ఈ నియమం పెద్ద ఇబ్బంది కాదు. ఎలక్ట్రిక్ కారుకి మాత్రం, చార్జింగ్ దగ్గర రెండు గంటలు ఆలస్యమైందా, ఆ రాత్రి అడవికి ఇవతలే ఉండిపోవాలి.

ఘాట్ రోడ్డు గురించి నేను భయపడినంత లేదు. మనుషులు, సామానుతో కలిపి 1.9 టన్నుల బండి 300 మీటర్లు ఎక్కడానికి నికరంగా ఒకటిన్నర యూనిట్ చాలు, నష్టాలు కలుపుకుంటే రెండు. దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగేటప్పుడు, వేగం తగ్గించినప్పుడల్లా మోటారే కరెంటు తయారుచేసి బ్యాటరీలోకి పంపడంతో కొంత వెనక్కి వచ్చింది. అక్కడ కొన్ని కిలోమీటర్ల పాటు బ్యాటరీ శాతం కదలనే లేదు. డ్యామ్ దిగువన వంతెన దాటి మళ్లీ పైకెక్కి లాడ్జికి చేరేసరికి 31 శాతం మిగిలింది. యూనిట్‌కి దాదాపు 7 కిలోమీటర్లు వచ్చినట్టు. రాత్రి తొమ్మిదింటికి ప్లగ్ పెడితే పొద్దున ఆరున్నరకి 90 దగ్గర ఉంది. అమ్మ మల్లన్న దర్శనం ప్రశాంతంగా చేసుకుంది. తిరుగు ప్రయాణంలో ఎక్కడా చార్జింగ్ కోసం ఆగలేదు.

ఇంకో సంగతి. శ్రీశైలం రానూపోనూ 400 కిలోమీటర్లు. 51.4 ఉన్నా మధ్యలో ఒకసారి చార్జింగ్ తప్పదు. కాబట్టి ఈ యాత్ర ఒక్కదాన్నే చూస్తే 2 లక్షలు మిగుల్చుకోవచ్చు. రాత్రి పడుకునే చోట ప్లగ్ ఉంటే చాలు.

మా అత్తగారి ఊరు తెనాలి వెళ్లాక లెక్క మారింది. ఈసారి పెద్ద బ్యాటరీ కారు అద్దెకు తీసుకున్నాం. పంతంగి, కొర్లపహాడ్ టోల్ గేట్లు దాటి సూర్యాపేటలో టిఫిన్‌కి ఆగాం. 125 కిలోమీటర్లకు 36 శాతం ఖర్చైంది. ఇడ్లీ తినేలోపు ఇరవై నిమిషాలు చార్జ్ చేద్దామనుకుంటే, యాప్‌లో ఖాళీగా ఉందని చూపిన మిషన్ పనిచేయలేదు. పక్కనున్న చార్జింగ్ గన్‌కి (కారుకు పెట్టే ప్లగ్) ఒక ట్యాక్సీ తగిలించి ఉంది, ఇంకో నలభై నిమిషాలు పడుతుందన్నాడు డ్రైవర్. "కారు కోసం మనం ఎండలో కూర్చోవాలా నాయనా?" అంది అమ్మ. ఆమెకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు ఒకచోట ఉండలేదు. చేతిలో 64 శాతం ఉంది కాబట్టి బయల్దేరిపోయాం. ఇంకా 170 కిలోమీటర్లు వెళ్లి తెనాలిలో ఆగేసరికి 16 శాతం.

అదే చిన్న బ్యాటరీ అయితే సూర్యాపేటలో 56 శాతం ఉండేది, అంటే 160 కిలోమీటర్లు. దారిలో కోదాడలోనో విజయవాడలోనో ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. రోడ్డు మీద నిలిచిపోతామని కాదు, చార్జర్లు ఉన్నాయి. కానీ ఆ మిషన్ పనిచేస్తుందో లేదో అన్న టెన్షన్ దారి పొడవునా ఉంటుంది. 9.4 యూనిట్లంటే 65 కిలోమీటర్లు. ఒక చోట మిషన్ చెడిపోతే ఇంకో ఊరి దాకా ఆగకుండా పోగలగడం అన్నమాట. 2 లక్షలు కొనేది దాన్నే.

తెనాలిలో ఇంకో పాఠం. అత్తగారింట్లో ఏసీ ప్లగ్‌కి పెట్టగానే చార్జర్ ఎర్ర లైటు వెలిగించి ఆగిపోయింది. ఎర్తింగ్ లేదు. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో ఫ్రిజ్, గీజర్ అలాగే నడుస్తున్నాయి! మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో గొయ్యి తీసి, పైపు దింపి, ఉప్పు, బొగ్గు పోసి, ఎర్త్ వైరు లాగాడు. రెండు వేల లోపే అయింది. సాయంత్రం ఆరింటికి పెడితే పొద్దున ఎనిమిదికి 90 శాతం. అత్తయ్యగారు మాత్రం కారు సంగతి కన్నా గీజర్ షాక్ కొట్టదని సంతోషించారు.

11 కిలోవాట్ల చార్జర్ మాకు అక్కర్లేదని తేలిపోయింది. మా ఫ్లాట్‌కి సింగిల్ ఫేజ్ కనెక్షన్, దానిమీద అది పూర్తి వేగంతో పనిచేయదు. రోజుకి ఆఫీసు రానూపోనూ 40 కిలోమీటర్లు, ఆరేడు యూనిట్లు. పార్కింగ్‌లో మా మీటరు నుంచి తీసిన 15 ఆంప్స్ ప్లగ్ మీద రెండున్నర గంటల పని. ఆ 73 వేలు మిగిల్చి, పైన ఇంకొంత వేసి 51.4 స్మార్ట్ ఓ బుక్ చేశాం. ఏడాదికి నాలుగైదు సార్లు తెనాలి వెళ్లే అవసరం లేకపోతే 42తోనే సరిపెట్టుకునేవాళ్లం. కారు డెలివరీకి ముందే అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పార్కింగ్ ప్లగ్ ఎర్తింగ్ చూపించాను. అది బాగానే ఉంది.