సెకండ్‌హ్యాండ్ వాక్యూమ్ బ్లోయర్ కొంటున్నారా? గేజ్ సూది ఒక్కటే చూసి డబ్బులు ఇవ్వకండి

గాజువాక ఆటోనగర్‌లో నాకు చిన్న సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్క కోసే మెషీన్) షాపు ఉంది. నేనూ మా తమ్ముడూ కలిసి తలుపులు, పూజ గది జాలీలు, కిచెన్ షట్టర్లు కట్ చేస్తాం. షీటు కదలకుండా మెషీన్ బల్లకి, అంటే బెడ్‌కి పట్టి ఉంచేది కింద నుంచి బ్లోయర్ లాగే గాలే. పాత బ్లోయర్ కాలిపోయింది. ఆర్డర్లు ఆగిపోతాయన్న టెన్షన్‌లో, కొత్త పెయింటుతో మెరుస్తున్న ఒక సెకండ్‌హ్యాండ్ సైడ్ ఛానల్ బ్లోయర్‌ని 48 వేలకు కొన్నాను. కొన్నచోటి పేరు చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను, ఎందుకంటే ఇలాంటి సరుకు ఇంకా చేతులు మారుతోంది.

అమ్మే ఆయన మెషీన్ ఆన్ చేసి, గాలి లాగే మూతికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. గుంజే బలం చూపించే గేజ్ సూది 200 దాటింది. "ఏటి బాబూ అనుమానం? సూది చూడండి" అన్నాడు. నా చెయ్యి కూడా పెట్టి చూశాను. చర్మం లోపలికి గుంజుకుపోయి, చెయ్యి తీశాక అరచేతిలో ఎర్రటి గుండ్రం మిగిలింది. ఇంతకన్నా రుజువేం కావాలి అనుకున్నాను. డెమో మొత్తం ఐదు నిమిషాలు.

షాపులో మొదటిరోజే 18 ఎం.ఎం. ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసేది) షీటు మీద బిట్టు తిరుగుతుండగా చిన్న ముక్కలు జరిగిపోయాయి. ఒక జాలీ పూర్తిగా పోయింది. నలభై నిమిషాలకు బ్లోయర్ సన్నటి ఈల శబ్దం మారిపోయి, పళ్ళెం మీద గరిట గీసినట్టు మొదలైంది. ఆపి చల్లారనిస్తే మళ్ళీ మామూలే.

తప్పు నా వైపే ఉందేమోనని ముందు అన్నీ వెతికాను. ఫిల్టర్ విప్పి దులిపాను. ప్రతి జాయింటు దగ్గరా అగరుబత్తి వెలిగించి పట్టుకున్నాను. లీకు ఉంటే పొగ అక్కడికి లాక్కుపోతుంది. ఒకచోట దొరికింది, క్లిప్పు బిగించాను, అయినా పెద్ద తేడా రాలేదు. ఫేజ్ వైర్లు తారుమారై మోటార్ ఎదురు తిరుగుతోందా అనీ చూశాను. ఈ రకం బ్లోయర్ ఎదురు తిరిగితే లాగాల్సిన మూతి ఊదుతుంది కాబట్టి వెంటనే తెలుస్తుంది. దుమ్ము లాగే ఫ్యాన్ రకం మెషీన్లు అలా కాదు. ఎదురు తిరిగినా గాలి అటే లాగుతాయి, కాకపోతే నీరసంగా, గోలగా. రెండు వైర్లు మారిస్తే సరిపోయేదానికి అమ్మినవాడితో గొడవ పెట్టుకోకండి, బాడీ మీద బాణం గుర్తు చూడండి.

చివరికి తెలిసిన మేస్త్రిని పిలిచాను. ఆయన గేజ్ వైపు చూడనేలేదు. కరెంటు ఎంత లాగుతోందో కొలిచే క్లాంప్ మీటర్ తీసి మోటార్ వైరుకు పెట్టాడు. మోటార్ వివరాలు ఉండే ప్లేటు మీద 5.5 కిలోవాట్లు అని ఉంది. 415 వోల్టుల దగ్గర అలాంటి మోటార్ ఫుల్ లోడులో సుమారు 11 ఆంపియర్లు తీసుకోవాలి. సైడ్ ఛానల్ బ్లోయర్‌కి మూతి మూసేకొద్దీ లోడు పెరుగుతుంది. పూర్తిగా మూసినా మా మీటర్ 6 దగ్గరే ఆగింది. అంటే లోపల ఉన్నది 3 కిలోవాట్ల మోటార్. ప్లేటు రివెట్లు చూస్తే కొత్తవి, తళతళలాడుతున్నాయి.

మరి సూది 200 ఎలా దాటింది? అసలు మెలిక ఇదే. మూతి మూసినప్పుడు ఎంత బలంగా గుంజుతోందో గేజ్ చెబుతుంది. ఎంత గాలి లాగగలదో చెప్పదు. చిన్న బ్లోయర్ కూడా మూసిన మూతి దగ్గర పెద్దదానంత బలం చూపిస్తుంది. కానీ ఎండీఎఫ్ గుల్ల సరుకు, దాని ఒంటినిండా గాలి పోతూనే ఉంటుంది. పోయేదానికన్నా ఎక్కువ గాలి లాగితేనే షీటు అంటుకుంటుంది.

పైగా రిలీఫ్ వాల్వ్ స్క్రూని కదలకుండా చివరిదాకా బిగించేశారు. ఆ వాల్వ్ మామూలుగా ఒక హద్దు దాటగానే తెరుచుకుని బయటి గాలిని లోపలికి వదులుతుంది. మెషీన్‌ని చల్లబరిచేది ఆ గాలే. దాన్ని మూసేస్తే డెమోలో సూది పైకెళ్తుంది, పనిలో బ్లోయర్ ఉడికిపోతుంది. లోపల తిరిగే చక్రం, అంటే ఇంపెల్లర్‌కీ బాడీకీ మధ్య సందు మిల్లీమీటరులో కొద్ది భాగమే. వేడికి అల్యూమినియం సాగి ఆ సందు మూసుకుపోయి రాసుకోవడమే నేను విన్న గరిట శబ్దం. "చల్లగా ఉన్నప్పుడు పాడతాది, వేడెక్కాక ఏడుస్తాది బాబూ" అన్నాడు మేస్త్రి.

మూత విప్పితే ఇంపెల్లర్ అంచుల మీద తెల్లటి పొడి, చిన్న గుంటలు. మన ఉప్పుగాలికి అల్యూమినియం అలాగే అవుతుంది, బయట ఎన్ని పూతలు పూసినా. సైలెన్సర్ లోపల ఫోమ్ పొడిపొడిగా రాలుతోంది.

మీరు కొనేటప్పుడు ఒక గంట నడిపించమని అడగండి. మీ షీటు ముక్కే పట్టుకెళ్ళి, దాని మీదే లాగించి చూడండి. ఆంపియర్లు మీ ముందే కొలిపించి ప్లేటుతో పోల్చండి. పొడవాటి స్క్రూడ్రైవర్ కొన బేరింగ్ దగ్గర బాడీకి ఆనించి, పిడి చెవికి పెట్టుకోండి. సమంగా గుయ్యిమంటే మంచిదే, గరగర వస్తే బేరింగ్ పోతున్నట్టే. ఒప్పుకోకపోతే అక్కడి నుంచి వచ్చేయండి. బిల్లు మీద కిలోవాట్లు రాయించుకోండి. నా బిల్లులో "బ్లోయర్ ఒకటి" అని మాత్రమే ఉంది, అక్కడే చిక్కుకుపోయాను.

వ్యాపారానికి కొన్నావు కాబట్టి కన్స్యూమర్ కోర్టు నీకు వర్తించదు అని అమ్మినాయన దబాయించాడు. అది పూర్తిగా నిజం కాదు. స్వయం ఉపాధితో బతకడానికే కొన్న వస్తువును 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార అవసరం కింద లెక్కపెట్టదు. 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తానన్నాకే బేరానికి వచ్చి, మెషీన్ వెనక్కి తీసుకుని 30 వేలు ఇచ్చాడు. మిగతా 18 వేలు పోయాయి.

పోయినవారం ఆ దారిన వెళ్తుంటే అదే బ్లోయర్ షాపు ముందు కనిపించింది. ఈసారి నీలం రంగు వేశారు. తిరిగి ఇచ్చేముందు మోటార్ వైర్లు కలిపే టెర్మినల్ బాక్స్ మూత లోపలివైపు నల్ల మార్కర్‌తో "3 కిలోవాట్లు" అని రాసి ఉంచాను. నీలం బ్లోయర్ ఎవరైనా చూపిస్తే ముందు ఆ మూత విప్పించి చూడండి.