క్లోజ్: ట్రైలర్ కూడా చూడకుండా చూడండి

2022లో లూకాస్ డాంట్ తీసిన బెల్జియం సినిమా ఇది, కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో గ్రాండ్ ప్రి అవార్డు కూడా వచ్చింది. లియో, రెమీ పదమూడేళ్ల వయసున్న ప్రాణస్నేహితులు. స్కూల్లో ఎవరో "మీరిద్దరూ జంటా?" అని అడిగేసరికి లియోకి ఎక్కడో గుచ్చుకుంటుంది, పెద్ద గొడవేమీ లేకుండానే మెల్లమెల్లగా రెమీకి దూరం జరుగుతూ ఐస్ హాకీలో చేరిపోతాడు. తర్వాతేం జరిగిందో చెప్పను. చెయ్యి విరిగి కట్టు వేయించుకుంటూ లియో వెక్కి వెక్కి ఏడుస్తాడు చూడండి, ఆ ఏడుపు చేతినొప్పికి కాదని మనకి తెలుస్తూనే ఉంటుంది! లియోగా చేసిన ఈడెన్ డాంబ్రిన్‌కి ఇదే మొదటి సినిమా అంటే నమ్మబుద్ధి కాదు. రెమీ తల్లిగా ఎమిలీ డెకెన్ అయితే మాటల కంటే మౌనంతోనే చంపేసింది. హాకీ సీన్లు మాత్రం కాస్త ఎక్కువయ్యాయి, రెండోసగం అక్కడక్కడా సాగింది. అయినా తప్పకుండా చూడండి, మూడ్ బాలేని రోజున మాత్రం వద్దు.