లైఫ్ డిజైన్ కోర్సు: నాలుగేళ్ళు వాడాక

శ్రీకాకుళంలో డిగ్రీ చదివేటప్పుడు ఇది మాకు రెండు క్రెడిట్ల పేపరు. స్టాన్‌ఫర్డ్‌లో బిల్ బర్నెట్, డేవ్ ఎవాన్స్ 2007లో మొదలుపెట్టిన తరగతి దీనికి మూలం. వస్తువును డిజైన్ చేసే పద్ధతినే బతుక్కి వాడటం: ముందు చిన్నగా చేసి చూడు, తర్వాత తేల్చుకో. మా కాలేజీలో అది రికార్డు రాయడమైంది. మార్జిన్ కొట్టలేదని నాకు రెండు మార్కులు కోశారు. బతుకు ప్లానుకి మార్జినట!

ఐదేసి ఏళ్ళ ప్లాన్లు మూడు వెయ్యాలి. మొదటిది ఇప్పుడనుకుంటున్నది: బ్యాంకు పరీక్షలు రాశాను. అది రేపట్నుంచి లేదంటే రెండోది: బీఎడ్. డబ్బు గురించీ, నలుగురి మాట గురించీ బెంగ లేకపోతే మూడోది: ఖాళీ పేజీ ఇచ్చాను. ఆ బెంగ లేని ఇల్లు మా పలాసలో నేను చూళ్ళేదు.

పనికొచ్చింది డైరీ. మూడు వారాలు, ఏ పని చేశాక హుషారొచ్చింది, ఏది చేశాక నీరసమొచ్చింది అని బాణాలు గియ్యాలి. సెలవుల్లో మామయ్య జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు బల్ల దగ్గర కూర్చున్నాను. గుండ్లు, బద్దలు, ముక్కలు వేరు చేశాక గుండ్లలో మళ్ళీ 240, 320 రకాలు. పౌనుకి, అంటే అరకేజీకి కాస్త తక్కువ బరువుకి, ఎన్ని పప్పులు తూగుతాయన్నదే ఆ అంకె. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది. ఏ బస్తాలో ఎంత విరిగిందో లెక్క రాస్తూ అన్నం సంగతే మర్చిపోయాను. ఆ రోజుకి రెండు పై బాణాలు. బ్యాంకు కోచింగు రోజులన్నిటికీ కింది బాణాలే.

తర్వాత, ఆ పని చేసేవాళ్ళని కలవమంటారు. ఉద్యోగం అడక్కూడదు, రోజెలా గడుస్తుందో అడగాలి. విశాఖలో ఎగుమతి సరుకు నాణ్యత చూసే ఒకక్క, "సగం రోజులు గోడౌన్లోనే, ఫ్యాను కూడా ఉండదు. సరేనా?" అంది. మూడు ప్లాన్లూ కలిపి అంత చెప్పలేదు. ఇప్పుడు నేనూ గోడౌన్లోనే ఉన్నాను, చెమటతో. మూణ్ణెల్లకోసారి ఓ వారం డైరీ ఇంకా రాస్తున్నాను.

చేసి చూడమనడం తేలికే. కోచింగు ఫీజు కట్టేసిన నాన్నకి ఆ మాట ఎలా చెప్పాలో ఏ స్లైడులోనూ లేదు. మన చేతిలో లేనివి భూమ్యాకర్షణ లాంటివి, ఒప్పుకుని పక్కనుంచి పొమ్మంటుంది కోర్సు. నాన్న అందులోకొస్తారా అనడిగితే మాస్టారు నవ్వి ఊరుకున్నారు. చివరికి మామయ్యే నా గురించి నాన్నతో, "గుంట లెక్క తప్పదు బావా, ఒక్కేడు సూద్దుం," అన్నాడు.

బ్యాంకు నోటిఫికేషన్ పడితే నాన్న ఇప్పటికీ నాకు వాట్సాప్‌లో పంపుతారు.