పొడుగు స్టడ్లు, 15 మిల్లీమీటర్ల స్పేసర్లు: తణుకు వర్క్‌షాపు పనితనం

మా పాత ఇన్నోవాకు కొన్న సెకండ్ హ్యాండ్ అలాయ్ చక్రాల ఆఫ్‌సెట్ (చక్రం మధ్యగీతకూ, అది హబ్బుకు ఆనే ముఖానికీ మధ్య దూరం) కంపెనీ చక్రాల కంటే ఎక్కువ కావడంతో, ముందు టైరు లోపలి అంచు సస్పెన్షన్‌లోని పై కంట్రోల్ ఆర్మ్‌కు వేలు దూరనంత దగ్గరకు జరిగింది. చక్రాన్ని తిరిగి దాని అసలు చోటికి తేవడానికి 15 మిల్లీమీటర్ల స్పేసర్లు, అంటే హబ్బుకూ చక్రానికీ మధ్య పెట్టే బిళ్లలు, వాటికి తగిన పొడుగు స్టడ్లు, అంటే హబ్బు నుంచి పొడుచుకు వచ్చి చక్రం నట్లు ఎక్కే మర బోల్టులు, వేయించాను. ఈ పని చేసినది తణుకులో జాతీయ రహదారికి చేరువలో ఉన్న ఒక చిన్న వర్క్‌షాపు. మెచ్చుకోవలసినవీ తప్పు పట్టవలసినవీ రెండూ ఉన్నాయి కనుక దాని పేరు రాయడం లేదు.

ముందుగా స్టడ్లు మార్చవలసిన అవసరం ఏమిటో చెప్పాలి. 25 మిల్లీమీటర్లు, ఆపైన మందం ఉన్న స్పేసర్లకు సాధారణంగా వాటి సొంత స్టడ్లే ఉంటాయి. 15 మిల్లీమీటర్ల స్పేసర్‌లో వాటికి చోటు చాలదు. కంపెనీ స్టడ్ల కొసలే దాన్ని దాటి బయటికి పొడుచుకు వస్తాయి. పోనీ ఉన్న స్టడ్ల మీదే స్పేసర్ తొడిగి చక్రం బిగిద్దామంటే నట్టుకు చాలినన్ని చుట్లు దొరకవు. ఇన్నోవా స్టడ్ 12 మిల్లీమీటర్ల వ్యాసం, 1.5 మిల్లీమీటర్ల పిచ్ (ఒక మర చుట్టుకూ పక్కదానికీ మధ్య దూరం) గలది. నట్టు కనీసం స్టడ్ వ్యాసమంత లోతుకు ఎక్కాలన్నది అందరూ పాటించే లెక్క కాబట్టి, పూర్తిగా 8 చుట్లు తిరగాలి. చక్రం ఎక్కించాక, బిగించే ముందు వర్క్‌షాపు కుర్రాడి చేత ప్రతి నట్టునూ చేత్తో తిప్పించి లెక్క చూశాను. ఎక్కడా తక్కువ రాలేదు.

మన డెల్టాలో లేత్ మిషన్లకు కొదవ లేదు. రైస్ మిల్లు షాఫ్టుల నుంచి రొయ్యల చెరువుల ఏరేటర్ల షాఫ్టుల దాకా ఇక్కడే తిప్పించుకుంటాం కాబట్టి, స్టడ్లు కూడా లేత్ మీద చేయించుకుంటే చవకగా పోతుందని సలహా ఇచ్చేవారికీ కొదవ లేదు. ఆ సలహా వినకూడదు. చక్రం స్టడ్లను ఉక్కుకు వేడి చికిత్స చేసి, మరలను కోయకుండా రోలింగ్ పద్ధతిలో ఒత్తి తయారు చేస్తారు. తల మీద 10.9 అన్న గుర్తు ఉంటే దాని తన్యబలం (లాగినప్పుడు తెగకుండా తట్టుకునే బలం) 1000 మెగాపాస్కల్స్ స్థాయిలో ఉందని అర్థం. మామూలు ఇనుప రాడ్డును తిప్పి చేసిన స్టడ్‌కు ఆ బలం ఉండదు. వర్క్‌షాపు మేస్త్రి ఈ విషయంలో నాకంటే పట్టుదలగా ఉన్నారు. ఒక పాత స్టడ్ ఊడదీసి, తల కింద హబ్బు రంధ్రంలో పట్టుకునే గాట్లు ఉన్న భాగాన్ని వెర్నియర్‌తో కొలిచి, కొత్త దాన్నీ కొలిచి, రెండూ 14.3 మిల్లీమీటర్ల దగ్గర కలిసిన తర్వాతే మిగతావి తీశారు. ఆ భాగం కాస్త సన్నబడినా నట్టు విప్పేటప్పుడు స్టడ్ హబ్బులోనే గిర్రున తిరుగుతుంది. అప్పుడు వెల్డింగ్ చుక్క పెట్టి ఆపేవారు లేకపోలేదు గానీ, ఆ వేడికి ఉక్కు గట్టితనం అక్కడికక్కడే పోతుంది.

స్టడ్లు తీసిన తీరు కూడా బాగుంది. సుత్తి ముట్టుకోలేదు. "హబ్బు మీద దెబ్బ పడితే బేరింగు మోత మొదలవుద్దండి" అంటూ స్క్రూ పుల్లర్‌తో ఒక్కొక్కటీ నెట్టారు. కొత్తవి ఎక్కించడానికి నూనె రాసిన వాషర్ల దొంతర మీద పాత నట్టు వేసి నెమ్మదిగా లాగారు. తరువాత సెల్‌ఫోన్ లైటు పట్టుకొని హబ్బు వెనక్కి వంగి, ప్రతి తల కిందా కాగితం ముక్క దూర్చి చూశారు. ఒకచోట కాగితం దూరింది. ఆ స్టడ్‌ను మళ్లీ లాగి కూర్చోబెట్టారు. ఆ ఖాళీని అలాగే వదిలి ఉంటే, కారు నడిచే కొద్దీ స్టడ్ వెనక నుంచి సర్దుకొని నట్టు వదులయ్యేది. లేబరుకు తీసుకున్న మూడు వేల రూపాయలు ఈ ఒక్క పరీక్షకే చెల్లిపోయాయని నా అభిప్రాయం.

నట్ల ఎంపికలోనూ పొరపాటు పోలేదు. టొయోటా అలాయ్ నట్లకు చదునైన వాషరు ఉంటుంది. నేను కొన్న చక్రాల రంధ్రాలేమో శంకువు ఆకారంలో ఉన్నాయి. పైగా మూసి ఉన్న నట్టులో పొడుగు స్టడ్ కొస లోపలి గోడకు తగిలితే, చక్రం బిగియకుండానే బిగిసినట్టు చేతికి అనిపిస్తుంది. అందుకని రెండు వైపులా తెరిచి ఉన్న శంకువు నట్లే ఇచ్చారు.

ఇంత జాగ్రత్తగా చేసిన పనిని చివర్లో గాలి గన్నుతో పాడుచేయబోయారు. ఇన్నోవా నట్టుకు కంపెనీ చెప్పిన బిగింపు 103 న్యూటన్ మీటర్లు. బిగింపును కొలిచి చూపే టార్క్ రెంచి ఉందా అని అడిగితే, ఇన్నేళ్లుగా గన్నుతోనే బిగిస్తున్నామండి అన్నది సమాధానం. గన్ను ఒక నట్టును తక్కువగానూ పక్కదాన్ని మితిమీరీ బిగిస్తుంది. మితిమీరిన చోట స్టడ్ సాగుతుంది, బిగింపులో తేడాల వల్ల డిస్కు వంకరపోయి బ్రేకు తొక్కినప్పుడు స్టీరింగ్ అదురుతుంది. నేను అక్కడే అడ్డుపడి, గన్నును ఆపించి, నా కారులో ఉన్న రెంచితో వాళ్ల చేతే నక్షత్రం వరుసలో బిగింపించాను. వంద కిలోమీటర్లలోపు మళ్లీ సరిచూడాలన్న మాట కూడా వారి నోట రాలేదు. అలా సరిచూసినప్పుడు నాకు రెండు నట్లు కాస్త తిరిగాయి.

ఉప్పు గాలి సంగతి భీమవరం, నరసాపురం వైపు తిరిగేవారికి వేరే చెప్పనక్కరలేదు. రొయ్యల లారీల నుంచి కారే నీరు చక్రాల మీద పడుతూనే ఉంటుంది, అల్యూమినియం స్పేసర్ ఇనుప హబ్బుకు అతుక్కుపోతుంది. హబ్బు ముఖాన్ని బ్రష్షుతో రుద్ది, లోహాలు అతుక్కోకుండా ఆపే యాంటీ సీజ్ పేస్టు పలచగా రాయాలి. మరలకు మాత్రం రాయకూడదు, రాస్తే టార్క్ లెక్క మారిపోతుంది. వర్క్‌షాపు రుద్దింది, రాయలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పుల గురించి ఏమంటుందో, బీమా కంపెనీ ఏమంటుందో కూడా అక్కడ ఎవరూ చెప్పరు; పని మొదలుపెట్టకముందే మనం కనుక్కోవాలి.

స్టెప్నీ ఇంకా పాత ఇనుప చక్రమే. దాని రంధ్రాలకు ఈ కొత్త నట్లు కూర్చుంటున్నాయో లేదో ఒకసారి ఎక్కించి చూపించమని అడిగితే విసుక్కోకుండా చూపించారు, సరిపోయాయి. పాత నట్లను డిక్కీలోంచి తీసేసి ఇంట్లో పెట్టేశాను. రాత్రిపూట పంక్చరు వేసే కుర్రాడి చేతికి అవి చిక్కకూడదు.