కాగితం చూడడానికి సింగపూర్

మా పిన్ని ముప్పై ఏళ్ళు హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైంది. సింగపూర్ టికెట్లు తీసుకున్నాక "ఏం చూడాలనుంది పిన్నీ?" అని అడిగాను. "ఆ పెద్ద పెద్ద రైడ్లూ అవీ నాకొద్దే. కాగితం మీద వేసిన బొమ్మలు ఎక్కడుంటే అక్కడికి తీసుకెళ్ళు" అంది. ఆ మాట పట్టుకునే ఐదు రోజుల ప్లాన్ వేశాను. ఎక్కడ దిగాలి, ఏ రైలెక్కాలి అన్నవి కూడా దాన్ని బట్టే చూసుకున్నాం. మాలాగా బొమ్మల కోసం వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మేం చూసినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది రాబర్ట్‌సన్ కీలోని ఎస్‌టీపీఐ. పూర్తి పేరు సింగపూర్ టైలర్ ప్రింట్ ఇన్‌స్టిట్యూట్. 2002లో మొదలైంది. టైలర్ అంటే కెన్నెత్ టైలర్, అమెరికాలో పేరున్న అచ్చు నిపుణుడు. రాయ్ లిక్టెన్‌స్టీన్, ఫ్రాంక్ స్టెల్లా, డేవిడ్ హాక్నీ లాంటి పెద్ద చిత్రకారులతో కలిసి ప్రింట్లు తీసినవాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని తన వర్క్‌షాప్ మూసేశాక అక్కడి ప్రెస్సులు సముద్రం దాటి ఇక్కడికి చేరాయి. ఇక్కడ కాగితం తయారుచేసే చోటు, అచ్చు వేసే వర్క్‌షాప్, గ్యాలరీ అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. ఆసియా దేశాల నుంచీ బయటి నుంచీ కళాకారుల్ని పిలిచి కొన్ని వారాలు ఉంచుకుంటారు. కాగితం ఎలా చేయాలో, అచ్చు ఎలా తీయాలో తెలిసిన పనివాళ్ళు పక్కనే ఉంటారు. కొత్త ఆలోచన కళాకారుడిది, చేతి పనితనం వీళ్ళది. గోడ మీద కనిపించేది ఇద్దరూ కలిసి చేసిన పని.

ఆ భవనం సింగపూర్ నది ఒడ్డున ఉన్న పందొమ్మిదో శతాబ్దపు సరుకుల గిడ్డంగి. గోడౌన్ అన్న ఇంగ్లీషు మాటా, మలయ్ భాషలోని గుదాంగ్, మన గిడ్డంగీ ఒకదానికొకటి చుట్టాలేనని నిఘంటువుల్లో చదివాను. పిన్నికి చెప్తే గుమ్మం దగ్గరే ఆగి, "అయితే మన మాట మనకంటే ముందే ఇక్కడికొచ్చింది" అని మురిసిపోయింది.

గ్యాలరీలోకి వెళ్ళడానికి టికెట్ లేదు. సంచీ ముందుకు వేసుకోమన్నారు, ఫ్లాష్ వాడొద్దన్నారు, అంతే. మొదటి పది నిమిషాలు పిన్నికి వెలుతురు చాలలేదు. "ఇంత మసకగా పెట్టారేంటి?" అని నన్ను అడిగింది. అక్కడున్న అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. కాగితం మీది పనులకు వెలుగే పెద్ద శత్రువు, అందుకే చాలా మ్యూజియాలు వాటి మీద పడే వెలుతురును 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దగ్గర ఆపేస్తాయి. రంగు వెలిసిపోతే మళ్ళీ రాదు. కళ్ళు అలవాటు పడేదాకా కూర్చోండని బెంచీ చూపించింది. కూర్చుని లేచాక నిజంగానే అన్నీ వేరేగా కనిపించాయి. ఎవరైనా వెళ్తే ఈ పని తప్పకుండా చేయండి. ఎండలోంచి నేరుగా వచ్చి గబగబా చుట్టేస్తే తెల్ల కాగితాలే కనిపిస్తాయి.

నన్ను కదలనివ్వకుండా ఆపేసింది దో హో సు దారపు బొమ్మ. ఈయన కొరియా కళాకారుడు. దూరం నుంచి చూస్తే రంగు పెన్సిల్‌తో గీసిన గీతల్లా ఉంటుంది. దగ్గరికి వెళ్తే ప్రతి గీతా దారమే. జెలటిన్‌తో చేసిన పల్చటి పొర మీద కుట్టుమిషన్‌తో కుడతారట. దాన్ని తీసుకెళ్ళి ఇంకా తడిగా ఉన్న కాగితం మీద పరుస్తారు. తడి తగలగానే ఆ పొర కరిగిపోతుంది. దారం మాత్రం కాగితపు గుజ్జులోకి దిగి కాగితంలో భాగమైపోతుంది. కరిగేటప్పుడు దారం తనకు తోచినట్టు కొంచెం కదులుతుంది, ముడుచుకుంటుంది. ఆ కదలిక మీద కళాకారుడికి పూర్తి పట్టు ఉండదు. పిన్ని కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, నేల మీది గీత దాటకుండా వీలైనంత ముందుకు వంగి చూసింది. ముప్పై ఏళ్ళు కుట్టు క్లాసు పక్క గదిలోనే డ్రాయింగ్ చెప్పాను, ఈ రెండూ ఒకటవుతాయని ఒక్కసారైనా తట్టలేదు అంది. ఆ మాటలో బాధ ఏమీ లేదు, ఉత్త సంతోషమే.

ఇలాంటివి ఫోన్లో చూసి తెలుసుకోలేం. ఫోటోలో దారం సిరాగీతలాగే ఉంటుంది. చేతికాగితానికి అంచులు కత్తిరించినట్టు ఉండవు, పీచులు పీచులుగా ఉంటాయి. రాగి రేకు మీద ఆమ్లంతో గీతలు దింపి అచ్చు తీసే ఎచింగ్‌లో ఆ రేకు నొక్కుకున్న చోట కాగితం కొంచెం కిందికి దిగి ఉంటుంది, పక్కనుంచి చూస్తే ఆ మెట్టు తెలుస్తుంది. రాతి మీద గీసి తీసే లితోగ్రఫీలో ఆ నొక్కు ఉండదు, సిరా కాగితం మీదే నున్నగా పరుచుకుంటుంది. జాలీ గుడ్డలోంచి రంగును కిందికి నెట్టే స్క్రీన్ ప్రింట్‌లో రంగు పొర మందంగా పైన కూర్చుంటుంది. ఈ తేడాలన్నీ పిన్ని నాకు వేలితో గాల్లో గీసి చూపించింది. మన తెలుగు చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్ ఎచింగ్‌లు ఆమెకు ప్రాణం కాబట్టి రేకు నొక్కు ఎక్కడ కనపడినా ఆగిపోయేది.

కాగితం తయారీ గురించి గైడ్ చెప్పిన మాటలు కూడా మాకు బాగా నచ్చాయి. పత్తి పీచును నీళ్ళల్లో వేసి యంత్రంలో గంటల తరబడి నలగ్గొడతారు. ఎంతసేపు నలిగితే కాగితం అంత గట్టిగా వస్తుంది. ఆ గుజ్జునీళ్ళల్లో జాలీ చట్రం ముంచి పైకి లేపితే నీళ్ళు కారిపోయి పల్చటి పొర మిగులుతుంది. దాన్ని దుప్పటిలాంటి ఉన్నిగుడ్డ మీదికి బోర్లిస్తారు, ప్రెస్సులో పెట్టి నీరు పిండేస్తారు, ఆరబెడతారు. గుజ్జుకే రంగు కలిపి బొమ్మ వేస్తే రంగు కాగితం లోపలే ఉంటుంది. వర్క్‌షాప్ అనేది కళాకారులు పనిచేసుకునే చోటు కాబట్టి మనంతట మనం లోపలికి తిరగలేం. గైడెడ్ టూర్ ఏ రోజుల్లో ఉందో వాళ్ళ వెబ్‌సైట్‌లో ముందే చూసుకుని వెళ్ళడం మంచిది.

పుస్తకాల అల్మరా దగ్గర ఇంకో గంట గడిచింది. అక్కడ ముంబై చిత్రకారుడు అతుల్ దోదియా 2005లో ఎస్‌టీపీఐలో చేసిన పనుల పుస్తకం దొరికింది. బెంగాల్ చిత్రకారుడు నందలాల్ బోస్ గీసిన యవ్వనంలోని శబరి బొమ్మను మనసులో పెట్టుకుని చేసినవి. శబరి అనగానే మనకు రేగుపళ్ళూ, ముడతలు పడ్డ ముఖమూ గుర్తొస్తాయి. ఆ శబరి పడుచుగా, కాగితపు గుజ్జులో పుట్టి, సింగపూర్ నది ఒడ్డున కనిపించేసరికి పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. అదే అల్మరాలో కొరియా కళాకారిణి హేగ్ యాంగ్ పనుల పుస్తకం కూడా చూశాం. ఈవిడ 2013లో ఇక్కడే మసాలా దినుసుల పొడుల్ని గరుకు కాగితం మీద స్క్రీన్ ప్రింట్ చేసింది. వంటింటి డబ్బాల్లోని రంగులు గుండ్రటి చందమామల్లా ఉన్నాయి. గోడ మీద లేవు, పుస్తకంలోనే చూడగలిగాం. ఆ లోటు నాకింకా ఉంది.

కొనే ఉద్దేశం లేకపోయినా ధర అడగొచ్చు, ఎవరూ చిన్నచూపు చూడలేదు. ప్రింటు కింద పెన్సిల్‌తో 3/15 అని ఉంటే, పదిహేను ప్రతుల్లో మూడోది అని అర్థం. ఎ.పి. అని ఉంటే కళాకారుడు తన కోసం ఉంచుకున్న ప్రతి. ఆ అంకె ఎంత చిన్నదైతే బొమ్మ అంత గొప్పదని అనుకోనక్కర్లేదని కూడా వాళ్ళే చెప్పారు. ధరలు వేల సింగపూర్ డాలర్లలో ఉంటాయి, పైన 9 శాతం జీఎస్‌టీ. మేం రెండు కేటలాగులతో సరిపెట్టుకున్నాం.

బయటికొచ్చి నది వెంట నాలుగడుగులు వేస్తే అల్కాఫ్ వంతెన. ఫిలిప్పీన్స్‌కు చెందిన పచీతా అబాద్ 2004లో దీన్ని 55 రంగులతో, వేల వలయాలతో నింపేసింది. అంతకుముందు ఏడాదే ఆవిడ ఎస్‌టీపీఐలో వలయాల మీద పని చేసింది. అప్పటికే క్యాన్సర్‌తో ఉంది, ఆ ఏడాది చివర్లోనే పోయింది. ఇది తెలిశాక ఆ వంతెన మీద ఊరికే నడిచి వెళ్ళలేకపోయాం.

నేషనల్ గ్యాలరీకి ఒక పూర్తి రోజు ఇచ్చాం. పాత సుప్రీంకోర్టు, సిటీ హాల్ భవనాలు రెండూ కలిపి 2015లో తెరిచారు. సిటీ హాల్ మెట్రో స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. సింగపూర్ వాళ్ళకు ఉచితం, మనకు టికెట్ ఉంటుంది. ఎంత పెద్దదంటే మధ్యాహ్నానికే పిన్ని కాళ్ళు మొరాయించాయి. లిఫ్టులు, కుర్చీలు, శుభ్రమైన టాయిలెట్లు ఎక్కడికక్కడ ఉన్నాయి, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు ఇది పెద్ద నిశ్చింత. మాకోసం మేం వెతుక్కున్నది వు గ్వాన్‌జోంగ్ సిరాబొమ్మలు. ఈ చైనా చిత్రకారుడు 2008లో 113 పనుల్ని సింగపూర్‌కు ఇచ్చేశాడు. తెల్ల కాగితం మీద నల్ల గీతలు తీగల్లా పాకుతుంటే మధ్యమధ్యలో పసుపు, ఎరుపు చుక్కలు. సిరా పడగానే పీల్చేసుకునే కాగితం అది, తప్పు పోతే దిద్దుకోవడం ఉండదు. అయినా చేతిలో బెరుకు కనిపించదు. అంతా చూసేయాలని పరుగెత్తకుండా ఒక్క సిరాబొమ్మల గదులకే వెళ్ళినా టికెట్ డబ్బులు వచ్చేసినట్టే.

గిల్మన్ బ్యారక్స్‌కు మెట్రో సర్కిల్ లైన్‌లో లాబ్రడార్ పార్క్ దగ్గర దిగాలి. 1936లో బ్రిటిష్ సైన్యం కట్టుకున్న తెల్లటి భవనాల్లో 2012 నుంచి గ్యాలరీలు పెట్టారు, మొదట వచ్చినవాటిలో కొన్ని తర్వాత వెళ్ళిపోయాయి. చెట్లు బాగున్నాయి, ఎత్తుపల్లాలు ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకు నేను చెప్పను. తాంజొంగ్ పగార్ ఓడరేవు గిడ్డంగుల్లోకి 2022లో వచ్చిన సింగపూర్ ఆర్ట్ మ్యూజియం కూడా చూశాం. కిటికీలోంచి కంటైనర్లు కనిపిస్తాయి. అక్కడ గది నిండా వస్తువులు అమర్చి చేసే పెద్ద ఇన్‌స్టలేషన్లూ వీడియోలూ ఎక్కువ, మేం వెతికే కాగితం తక్కువ.

ఇక బస. మొదటి రెండు రాత్రులు లిటిల్ ఇండియాలో ఒక చిన్న హోటల్, రాత్రికి 105 డాలర్లు. గదికి కిటికీ లేదు. బుకింగ్ పేజీలో చిన్న అక్షరాల్లో ఉందట, నేను చూసుకోలేదు. సింగపూర్‌లో తక్కువ ధర గదులకు ఇది మామూలే, కాబట్టి "విండో" అన్న మాట ఉందో లేదో చదివి మరీ డబ్బు కట్టండి. పొద్దున ఎంతైందో తెలియక పిన్నికి తల దిమ్ముగా ఉండేది. భోజనానికి మాత్రం ఆ వీధికి తిరుగులేదు. కోమల విలాస్‌లో దోసె, కాఫీ అయ్యాక పిన్ని మళ్ళీ మనిషైంది.

లిటిల్ ఇండియా నుంచి రాబర్ట్‌సన్ కీకి వెళ్ళాలంటే నార్త్ ఈస్ట్ లైన్ ఎక్కి రెండో స్టేషన్ క్లార్క్ కీలో దిగి నది వెంట నడవండి. ఫోర్ట్ కానింగ్ స్టేషన్ అక్కడికి దగ్గర కదా అని డౌన్‌టౌన్ లైన్ ఎక్కామంటే ఊరంతా చుట్టి తీసుకెళ్తుంది, మొదటి రోజు మాకదే జరిగింది. అదే చాంగి విమానాశ్రయం నుంచి వచ్చేటప్పుడైతే ఎక్స్‌పోలో మారి డౌన్‌టౌన్ లైన్‌లో నేరుగా ఫోర్ట్ కానింగ్‌కు వచ్చేయొచ్చు.

మూడో రోజు నది ఒడ్డునే ఉన్న ఇంకో హోటల్‌కు మారిపోయాం. రాత్రికి 210 డాలర్లు, రెట్టింపు. కట్టేటప్పుడు మనసు పీకింది. కానీ ఎస్‌టీపీఐకి ఐదు నిమిషాల నడక. మధ్యాహ్నం వాన మొదలవగానే గదికొచ్చి పడుకుని, తగ్గాక మళ్ళీ వెళ్ళగలిగాం. పెద్దవాళ్ళతో ఉంటే ఈ విశ్రాంతికి డబ్బుతో వెల కట్టలేం. రిసెప్షన్‌లో గది మూడింటికి గానీ ఇవ్వమన్నా, సామాను ఉంచుకుని పిన్నికి కుర్చీ, మంచినీళ్ళు ఇచ్చారు.

ఒక్క చేదు జ్ఞాపకం ఉంది. నగరంలో వేరే చోట ఒక దుకాణంలో పిన్ని నాలుగు చేతికాగితాలు కొనుక్కుంది. గొట్టంలో చుట్టివ్వమంటే పల్చటి ప్లాస్టిక్ కవరులో పెట్టి చేతికిచ్చారు. బస్సు దిగేసరికి వాన. రెండు కాగితాల మూలలు తడిసి ఉబ్బిపోయాయి. ఎక్కడ కాగితం కొన్నా గట్టి అట్టగొట్టం ఇస్తేనే తీసుకోండి, లేకపోతే ఇండియా నుంచే ఒకటి పట్టుకెళ్ళండి.

చివరి రోజు పొద్దున్నే మళ్ళీ ఎస్‌టీపీఐ గిడ్డంగికి వెళ్ళాం. జనం లేరు. మొదటిరోజు వెలుతురు గురించి చెప్పిన అమ్మాయే ఉంది, పిన్నిని గుర్తుపట్టి నవ్వింది. పిన్ని సంచీలోంచి తడిసిన కాగితం తీసి, దీన్ని బాగుచేయొచ్చా అని అడిగింది. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆ అమ్మాయి పీల్చే కాగితాల మధ్య పెట్టి పైన బరువు పెట్టమంది, ఉబ్బు చాలావరకు తగ్గుతుందట, మరక మాత్రం ఉండిపోవచ్చట. పిన్ని తల ఊపి, కాగితాన్ని జాగ్రత్తగా లోపల పెట్టుకుని, దారపు బొమ్మ ముందున్న బెంచీ మీద కూర్చుంది. ఫ్లైట్‌కు ఇంకా ఆరు గంటలుంది. "నువ్వు కాఫీ తాగి రా, నేనిక్కడే ఉంటాను" అంది.