మూడు మానిటర్లు, ఏడేళ్లు: మా డీటీపీ షాపు కరెంటు లెక్క

హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, మేడారం జాతర వచ్చిందంటే స్వాగతం బ్యానర్లు. మూడు సిస్టమ్‌లు పొద్దున 10 నుంచి రాత్రి 9 దాకా నడుస్తూనే ఉంటాయి. 2018 దసరా ముందు మూడింటికీ 22 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్లు తీసుకున్నాం. ఏడేళ్లు వాడిన అనుభవం ఇది.

మొదట్లో అట్టపెట్టెలోంచి తీసింది తీసినట్టే, బ్రైట్‌నెస్ 100 మీదే వాడాం. ఎల్‌ఈడీ కదా, కరెంటు ఎలాగూ తక్కువే అనుకున్నాం. రెండేళ్ల కింద ప్లగ్గుకూ బోర్డుకూ మధ్యలో పెట్టే వాట్ మీటర్ ఒకటి తెచ్చాను. బ్రైట్‌నెస్ 100 దగ్గర 21 వాట్లు చూపించింది. బటన్ నొక్కుకుంటూ 35కు దించితే 12. అటక మీది పాత 17 అంగుళాల డబ్బా మానిటర్ దించి పెట్టి చూస్తే 72! అలాంటివి మూడుంటే నెలకు 26 రోజుల లెక్కన 62 యూనిట్లు కాలేవి. ఇప్పుడు మూడూ కలిపి పది యూనిట్ల చిల్లర. బ్రైట్‌నెస్ తగ్గించడం వల్లే నెలకు దాదాపు 8 యూనిట్లు మిగులుతున్నాయి. జిరాక్స్ మెషిన్ తినే దాని ముందు ఇది తక్కువే, కానీ రూపాయి ఖర్చు లేకుండా వచ్చిన మిగులు.

బ్యాక్‌గ్రౌండ్ నల్లగా పెడితే కరెంటు ఆదా అని చాలామంది చెప్తారు. నేనూ పెట్టి చూశాను, మీటర్‌లో అంకె కదల్లేదు. ఈ మానిటర్లలో వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది, ముందున్న పొర దాన్ని అడ్డుకుంటుంది, అంతే. నలుపు ఉన్నచోట చుక్కలే ఆరిపోయే ఓఎల్‌ఈడీ ఫోన్లలో అయితే ఆ మాట నిజం. స్క్రీన్‌సేవర్ సంగతీ ఇంతే. డబ్బా మానిటర్ల గాజు మీద ఒకే బొమ్మ అచ్చు పడిపోకుండా వచ్చింది అది. మా దగ్గర అది తిరుగుతున్నంతసేపూ మీటర్‌లో అదే 12. అందుకే తీసేసి, ఐదు నిమిషాలు ముట్టకపోతే స్క్రీన్ ఆరిపోయేలా పెట్టాను. అప్పుడు మీటర్ సున్నా దగ్గరికి వస్తుంది. సీపీయూ నడుస్తూనే ఉంటుంది కాబట్టి ప్రింట్ మధ్యలో ఆగదు.

ఒక ఇబ్బంది ఉంది. పత్రికలో చుట్టాల పేర్లు ఎవరెవరివి వేయాలో ఇంటివాళ్లు మాట్లాడుకుంటుండగానే స్క్రీన్ ఆరిపోతుంది. "అన్నా, కొట్టిందంతా పోయిందా?" అని టెన్షన్ పడతారు. మౌస్ కదిపి చూపిస్తే గానీ నమ్మరు. కౌంటర్ దగ్గరి సిస్టమ్‌కు మాత్రం 15 నిమిషాలు చేశాను.

35 వెలుగు కళ్లకు చాలదేమోనని భయపడ్డాను. నిజంగానే మొదటి వారం మధ్యాహ్నాలు ఏమీ కనపడలేదు, షట్టర్ వైపు నుంచి ఎండ నేరుగా స్క్రీన్ మీద పడేది. టేబుళ్లను గోడవైపు అడ్డంగా తిప్పాక సరిపోయింది. సాయంత్రానికి కళ్ల మంట కూడా తగ్గింది.

నాకు అన్నిటికంటే సంతోషమైంది రంగుల విషయం. ఇదివరకు స్క్రీన్ మీద మెరిసే కుంకుమ రంగు పత్రిక మీదికి వచ్చేసరికి ముదురుగా, జీవం లేనట్టు ఉండేది. స్క్రీన్ మరీ వెలుగ్గా ఉంటే అలాగే మోసం చేస్తుంది. ఇప్పుడు చూసిన రంగూ, అచ్చయిన రంగూ దగ్గర దగ్గరగా ఉంటున్నాయి. రంగు బాగాలేదని తిరిగి వచ్చే పత్రికలు బాగా తగ్గాయి. ఒకటి మాత్రం చెప్తాను, బొమ్మను బట్టి వెలుగు తనే మార్చుకునే ఎకో మోడ్ డిజైన్ పనికి వద్దు, రంగు నిలకడగా ఉండదు.

ఏడేళ్లలో ఒక మానిటర్ అడాప్టర్ పోయింది, మార్చాం. మిగతా రెండూ కొన్నవి కొన్నట్టే నడుస్తున్నాయి. మొన్న ఎండాకాలం కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీదే పని నడిపి, సాయంత్రానికి ఇవ్వాల్సిన పత్రికల డిజైన్లు పూర్తిచేసి ఇచ్చాం.